మోగే బొగ్గు

పోయిన వారం గంగాలమ్మను ఎక్కడ వదిలామో గుర్తుండే ఉంటుంది. బీచ్ రోడ్డులో చేపలు కాల్చి అమ్ముకునే తన బండి ముందు, పొద్దున్నే మూతి విప్పిన బొగ్గు బస్తా పక్కన, చేతిలో ఒక ఇనుప కడియంతో చతికిలబడిపోయింది. కడియానికి ఇంకా పిడికెడు బొగ్గు కరుచుకునే ఉంది. కొంగుతో మసి తుడిచి చూస్తే పక్కన మూడు గంట్లు కనిపించాయి. అవి ఎవరివో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. తెప్పకీ, తెడ్డుకీ, లంగరుకీ ఆమె అత్తవారింటి గుర్తు ఆ మూడు గంట్లే. ఆమె మామ ఆ గుర్తు తన చేత్తోనే వేసి, సముద్రం నీళ్లు ఎక్కే ఉప్పుగెడ్డ పాయ లోపలున్న పెద్ద మడచెట్టుకు ఆ కడియాన్ని దిగగొట్టి, ముప్పయ్యేళ్లు దానికే తెప్ప కట్టుకున్నాడు. హుద్‌హుద్ తుఫాను నాడు జాలర్ల పేటలో సగం పడవలు ముక్కలైపోతే, ఆ కడియానికి కట్టిన మూడూ మాత్రం బతికి బయటపడ్డాయి.

హార్బర్లో కూలికి కుదిరాక ఆమె భర్త ఎల్లాజీ గెడ్డ లోపలికి పోవడం మానేశాడు; మొన్నటి వరద తర్వాత గట్టు మీంచి ఆ చెట్టు తల కనబడకపోయేసరికి అది కొట్టుకుపోయిందని అతని నమ్మకం. గెడ్డ ఎగువన కొత్తగా వచ్చిన కంపెనీ వదిలే నీళ్లకు మడ వేళ్లు కుళ్లిపోతున్నాయనీ, అందుకే గెడ్డలో రొయ్యపిల్ల నిలవడం లేదనీ అతను అర్జీ పెట్టాడు. గట్టు వెనక అప్పుడప్పుడూ లేచే పొగ కూడా కంపెనీదేనని అందులో రాయించాడు. ఏడాదిన్నరపాటు ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగితే, చివరికి ఇవాళ మధ్యాహ్నం నీళ్లు తీసే ఆటు వేళకు అధికారులు గెడ్డ చూడడానికి వస్తున్నారు. అర్జీ నెగ్గితే కంపెనీ నీళ్లు వదిలే గొట్టం మూసేస్తారు, మడ మళ్లీ నాటుతారు, ఎల్లాజీ హార్బర్లో పరాయివాళ్ల బోట్ల మీద కూలి మానేసి మళ్లీ తన గెడ్డలో తన వల వేసుకుంటాడు. ఆ ఇంటి ఆశంతా ఆ కాగితం మీదే ఉంది.

మరి వరదకు పోయిన చెట్టు బొగ్గై తన బస్తాలోకి ఎలా వచ్చింది? అది తేల్చుకోకుండా మొగుడి మొహం చూడలేననిపించి, గంగాలమ్మ ఉదయం ఎనిమిదింటికల్లా గాజువాక బస్సెక్కి ఆటోనగర్లో దిగింది. కడియం కొంగున ముడి వేసుకుంది.

భీమశంకరరావు బొగ్గుల షెడ్డు లారీలు బాగుచేసే కొట్ల వెనక సందులో ఉంది. లోపల బస్తాలు దూలాల దాకా పేర్చి ఉన్నాయి. కొన్ని బస్తాల మీద సుద్దముక్కతో హోటళ్ల పేర్లు రాసి ఉన్నాయి. ఏసీ గదుల్లో కూచోబెట్టి, బల్ల మధ్య నిప్పులు పోసి, చీకులు కాల్చుకోమనే హోటళ్లు అవి. వాళ్ల మెనూ కార్డు మీద ‘అచ్చమైన కర్రబొగ్గుల మీద’ అని గొప్పగా రాసుకుంటారు. ఆ కర్ర ఎక్కడిదని అడిగిన పాపాన తినేవాళ్లు ఒక్కరూ పోరు. వాళ్లు తినడానికి వచ్చారా, తగువుకు వచ్చారా? ఆ మాటకొస్తే గంగాలమ్మ మాత్రం ఇన్నాళ్లూ అడిగిందా!

భీమశంకరరావు చోడవరం వైపు రైతు కుటుంబం వాడు. జీడితోటలు చూసుకోలేక పట్నం వచ్చి బొగ్గుల వ్యాపారంలో స్థిరపడ్డాడు. మాట మెత్తన. ఆమెను చూడగానే కుర్చీ లాగి వేశాడు.

“ఏటి గంగాలమ్మా, నువ్వే వచ్చీసినావు? ఫోను కొడితే వేన్ పంపుదును కాదేటి.”

గంగాలమ్మ కూచోలేదు. ముడి విప్పి కడియాన్ని బల్ల మీద పెట్టింది.

“ఇది నీ బస్తాలో వచ్చింది బాబూ.”

“అదా! బొగ్గుల్లో మేకులొస్తాయి, రాళ్లొస్తాయి. దానికింత దూరం రావాలా? ఇంకో బస్తా పట్టుకెళ్లు.”

“బస్తా కోసం రానేదు. ఈ బొగ్గు ఏ కర్రది?”

“జీడిమావిడి.”

గంగాలమ్మ దగ్గరున్న బస్తాలో చెయ్యి పెట్టి రెండు ముక్కలు తీసింది. ఒకదానితో ఒకటి కొట్టింది. ఖంగుమని మోగాయి. ఆ పక్క బస్తాలోంచి ఇంకో రెండు తీసి కొట్టింది. అవీ మోగాయి.

“జీడిమావిడి మోగదు. పొట్టులాగ రాలిపోద్ది. సరుగుడు మోగదు. తుమ్మ కాసింత మోగుద్ది గానీ ఇలగ కాదు. సెప్పు, ఇదేటి కర్ర?”

భీమశంకరరావు మెత్తదనం అక్కడితో అయిపోయింది. బల్ల మీది చేతులు తీసేసి వెనక్కి వాలాడు.

“మోగే బొగ్గే కావాలన్నది ఎవురు గంగాలమ్మా? నానా? రెండేళ్ల కిందట నాను జీడిబొగ్గే తెచ్చినాను. ఏటి సేసినావు? ఏడుగురు ఆడోళ్లు సూస్తండగా నా బస్తా ఇసకలో కుమ్మరించీసి, ‘ఇది బొగ్గేటి, ఊదితే ఎగిరిపోద్ది, కొడితే మోగాల, అలాటిది తే’ అనలేదూ? నువ్వు కొట్టి సూడకుండా ఆ బీచిలో ఒక్కర్తి కూడా బస్తా దింపుకోదు. మోగేది తెమ్మన్నావు, తెచ్చినాను. ఇప్పుడొచ్చి ఏ కర్రని అడుగుతన్నావు!”

గంగాలమ్మ చేతిలోని ముక్కలు బస్తాలో వేసేసింది. అన్నది నిజమే. అన్నందుకు ఆవేళ ఎంత గర్వపడిందో కూడా ఆమెకు గుర్తుంది. బండ్ల వాళ్లంతా ఆమె చేతి వైపు చూసేవారు. ఆమె రెండు ముక్కలు తీసి కొట్టి, చెవి పెట్టి విని, తల ఊపితేనే మిగతా ఏడు బండ్లకు బొగ్గు దిగేది. ఆ మోగే బొగ్గు వచ్చాక పొగ తగ్గింది, కళ్లమంట తగ్గింది, ఆరేళ్లుగా వదలని దగ్గు కూడా కాస్త తెరిపిచ్చింది. సాయంత్రం ఒక తట్ట పోస్తే ఆఖరి బేరం దాకా నిప్పు అలాగే ఉండేది. కానాగడత చేపలు చక్కగా ఎర్రగా కాలేవి. ఇంత మంచి బొగ్గు ఎంచుకున్నది తానేనని నలుగురికీ చెప్పుకుంది.

చేపను కళ్లు మూసుకుని పట్టుకుని పేరు చెప్పగలదు గంగాలమ్మ. గాలి వాసన చూసి రేపటి సముద్రం చెప్పగలదు. మడ బొగ్గు మాత్రం ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. తెలిసే దారి లేదు. మడ మీద గొడ్డలి వెయ్యకూడదన్న కట్టుబాటు ఉన్న పేటలో పుట్టి, అలాంటి పేటకే కోడలైంది. రాలిన పుల్ల ఏరుకుంటారు తప్ప పచ్చి కొమ్మ ముట్టరు. పేట పుట్టాక మడను బొగ్గుబట్టీలో పెట్టినవాడు లేడు. ఉప్పులో నెమ్మదిగా పెరిగే ఆ కర్ర కాలితే ఇనుములా మోగుతుందని వాళ్లలో ఎవరికి తెలుస్తుంది? మడను అంత భద్రంగా చూసుకున్నారు కాబట్టే, దాని బూడిద చేతికి అంటినా ఆమె పోల్చుకోలేకపోయింది.

“ఎవురు కొట్టేరు?” అంది చివరికి.

“అదంతా నాకేటి తెలుసు? తెచ్చినోడి దగ్గర కొంటాను.”

“నాకు తెలుసు. గెడ్డ లోపలికి పోటు మీదే తెప్ప ఎల్తాది. ఆటు ముందర బయటికి రాపోతే అక్కడే కూరుకుపోద్ది. పరాయోడు దిగితే మొలబంటి బురదలోంచి కాలు తీసుకోలేడు. మా పేటోడే కొట్టినాడు. పేరు సెప్పు.”

భీమశంకరరావు కళ్లు ఒక్క క్షణం షెడ్డు వెనక తలుపు వైపు పోయి వచ్చాయి. గంగాలమ్మ కడియం తీసుకుని అటే నడిచింది. “ఓలమ్మా, ఆగు” అంటూ అతను లేచేలోపలే తలుపు తోసింది.

వెనక ఖాళీ స్థలంలో మినీ లారీ మీదినుంచి ఒకడు బస్తాలు దింపుతున్నాడు. ఒళ్లంతా నల్లగా ఉంది. నెత్తికి తువ్వాలు చుట్టుకున్నాడు. గోడవార మేకుకు ఒక స్టీలు కేరేజీ వేలాడుతోంది. ఆ కేరేజీని గంగాలమ్మ ముందు గుర్తుపట్టింది. తెల్లారకట్ల అందులో చద్దన్నం, ఎండురొయ్యల వేపుడు సర్దింది తనే. మనిషిని ఆ తర్వాత గుర్తుపట్టింది.

వాసు. ఆమె మరిది.

ఏడేళ్ల పిల్లాడిగా ఉన్నప్పుడు తల్లి పోతే తన ఒళ్లో వేసుకుని పెంచింది. ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని దొరికిందని రెండేళ్ల కిందట వాడు చెప్పిన రోజు పేటంతా లడ్డూలు పంచింది. రోజూ మసి కొట్టుకుపోయి ఇంటికొస్తే, “కోకు బట్టీల కాడ డూటీ ఒదినా” అనేవాడు. పాపం బిడ్డ ఎంత కష్టపడుతున్నాడోనని ఆ బట్టలు సబ్బు పెట్టి బండకేసి ఉతికింది. ఆ మసి తమ మడ చెట్లదని తెలియక, రెండేళ్లు తన చేత్తోనే ఉతికింది.

“ఏ షిఫ్టురా ఇది?” అంది.

వాసు భుజం మీది బస్తా జారిపోయింది. కింద పడి పగిలింది. బొగ్గులు ఖణఖణమంటూ నేలంతా దొర్లాయి.

“ఒదినా...”

“ఏ షిఫ్టురా అని అడుగుతన్నాను!”

“ఆ పని రెండు నెల్లకే అయిపోనాది ఒదినా. సెప్పలేకపోనాను. నువ్వు లడ్డూలు కూడా పంచీసినావు కదా.”

ఆమె కడియం ఎత్తి చూపించింది. వాడు తల దించుకున్నాడు.

“మీ నాయిన తెప్ప కట్టిన సెట్టురా అది.”

“ఎరుగుదును. దాన్ని సివరాకర్న కొట్టినాను. లోపల ఇంకేటీ మిగలనప్పుడు కొట్టినాను. కడియం పీకీ దాద్దామనుకున్నాను, రానేదు. సెట్టు దాన్ని మింగీసినాది. అలాగే బట్టీలో పెట్టీసినాను.”

“కొట్టినప్పుడు ఏడుపైనా వచ్చిందా?”

“బట్టీ పొగకి కళ్లంట ఎప్పుడూ నీల్లే కదా ఒదినా. ఏడుపో పొగో నాకే తెల్దు.”

చాచి చెంప మీద కొట్టింది గంగాలమ్మ. పెంచిన ఇన్నేళ్లలో కొట్టడం అదే మొదటిసారి. వాడు కదల్లేదు.

“గెడ్డలో రొయ్యల్లేవు, నానేటి సేసేది?” అన్నాడు చెంప పట్టుకుని. “అన్నయ్య హార్బర్లో కూలికి పోనాడు. నాకు సదువు లేదు, బోటు లేదు. లోపల సెట్లున్నాయి. ఈ బాబుకి మోగే బొగ్గు కావాల. గట్టు వెనక ఈ బాబు కొన్న తోటలోనే బట్టీ పెట్టినాను.”

“రొయ్యలెందుకు లేవురా? ఆ సెట్ల ఏళ్లల్లోనే కదరా అది పిల్ల పెట్టేది! ఏళ్లు లేపోతే పిల్ల ఎక్కడ నిలుస్తాది? నాయిన సెప్పినేదా నీకు?”

“ముందల రొయ్యలు పోనాయా, సెట్లు పోనాయా... నాను గొడ్డలట్టుకున్నప్పుడే వల సగం కాళీగా వచ్చేది. కంపెనీ నీళ్లు కూడా వాసనొస్తన్నాయి, అదీ అబద్ధం కాదు. ఎవుర్దెంతో నాకు తెల్దు ఒదినా.”

దూరంగా ఎక్కడో లారీ ఛాసిస్ మీద సుత్తి దెబ్బలు పడుతున్నాయి. వాసు ఆమె దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

“ఇను. గట్టు వరస సెట్లు ఒగ్గీసినాను. బయట్నుంచి సూస్తే మడ నిండుగానే ఉంటాది. కొట్టిన మొదళ్ల మీద బురద కప్పీసినాను. బూట్లోళ్లు బురదలోకి దిగరు. గట్టు మీంచి సూసీ, రాసుకునీ, ఎల్లిపోతారు. నువ్వు నోరు మెదపకపోతే అన్నయ్య అర్జీ నెగ్గుద్ది. కంపెనీయోడు గొట్టం మూస్తాడు. మళ్లీ సెట్లు నాటుతారు. నాను గొడ్డలి ముట్టను. ఇంకెప్పుడూ ముట్టను ఒదినా.”

గంగాలమ్మ కేరేజీ తీసి చేతికిచ్చి, “తినీసి ఇంటికి రా” అని మాత్రం అని, కడియం మళ్లీ కొంగున ముడి వేసుకుని వెనక్కి తిరిగింది. భీమశంకరరావు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. “రేపు బస్తాలు పంపమంటావా?” అని అడిగాడు. అడగడానికి వాడికి నోరెలా వచ్చిందో!

బస్సులో కిటికీ పక్కన కూచుని దారంతా ఆలోచించింది. నిజం చెబితే ఏమవుతుంది? మీ చెట్లు మీరే నరుక్కున్నారని అర్జీ మూలకు పడేస్తారు. కంపెనీ దొరలా తిరుగుతుంది. వాసుగాడు జైలుకు పోతాడు. ఎల్లాజీ పేటలో తలెత్తుకోలేడు. చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. తన కడుపులో ఈ మంట మిగులుతుంది, అంతే కదా. ఆడదాని కడుపులో ఇంకో మంటకు చోటు ఉండకపోదు. నోరు మూసుకుందామనే నిశ్చయించుకుంది. బస్సు దిగేటప్పటికి కాస్త ధైర్యం కూడా వచ్చింది.

ఆమె గెడ్డ దగ్గరికి చేరేసరికి పేట సగం గట్టు మీదే ఉంది. నీళ్లు బాగా తీసేశాయి. కంపెనీ తరఫు మనిషి ఒకాయన గొడుగు కింద నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. వచ్చిన అధికారి పేరు ఇంద్రజ. ముప్పయ్యేళ్లుంటాయేమో, సన్నగా ఉంది. ఎల్లాజీ ఆమెకు గట్టు మీంచే పైప్ వచ్చే దిక్కు చూపిస్తూ, ఏడాదిన్నరగా బట్టీ పట్టిన మాటలన్నీ అప్పజెబుతున్నాడు. మడత నలగని చొక్కా వేసుకున్నాడు. ఇంత సంతోషంగా అతన్ని చూసి చాలా రోజులైంది.

“లోపల కూడా చూడాలి కదండీ” అంది ఇంద్రజ. బూట్లు విప్పింది. పేంటు మోకాళ్ల దాకా మడిచింది. ఎవరూ ఊహించకముందే బురదలోకి దిగిపోయింది.

వాసు లెక్క అక్కడే తప్పింది. ఆ పిల్ల మడ వేళ్ల మీద అడుగు వేసుకుంటూ గట్టు వరస దాటి లోపలికి వెళ్లి చాలాసేపు కనిపించలేదు. తిరిగొచ్చేసరికి మొల దాకా బురద ఉంది. చేతిలో కొలిచే టేపు ఉంది.

“లోపల చెట్లే లేవు ఎల్లాజీ గారూ. మొదళ్లు మాత్రం ఉన్నాయి. వాటి మీద బురద కప్పి ఉంది. కడిగి చూశాను. అవి ఎండి పడిపోయినవి కావు. గొడ్డలి దెబ్బలు ఉన్నాయి.”

గొడుగు కింది మనిషి ఫోన్ జేబులో పెట్టుకుని నవ్వాడు. “చూశారా మేడమ్! వీళ్లే నరికి అమ్ముకుని మా మీద అర్జీలు పెడతారు. ఇదో వ్యాపారం.”

ఎల్లాజీ మొహం కందగడ్డలా ఎర్రబడింది. “ఏటన్నావు? మా పేటోడు మడ మీద గొడ్డలేస్తాడా?” అంటూ గబగబా గెడ్డలోకి దిగాడు. మోకాలి లోతు దాకా పోయి, సముద్రం వైపు తిరిగి, దోసిట్లోకి ఉప్పునీళ్లు పట్టాడు.

పేట ఆడవాళ్లలో ముసలిదొకతె నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. నీళ్లలో నిలబడి ఉప్పునీళ్లు పట్టి ఒట్టు వెయ్యడం పేట వాళ్లలో మాటవరసకు చేసే పని కాదు. జన్మకు ఒకటి రెండుసార్లు, అదీ పెద్ద తగువుల్లోనే వేస్తారు. మాట చెప్పి ఆ నీళ్లు మింగితే ఒట్టు పడినట్టే. అబద్ధపు ఒట్టు మింగినవాణ్ణి సముద్రం తిరిగి పంపదని వాళ్ల నమ్మకం. ఎల్లాజీ చిన్నాన్న అలాగే పోయాడంటారు. రేపు తెల్లారకట్ల ఎల్లాజీ హార్బర్ బోటెక్కి పది రోజుల వేటకు పోవాలి.

“తల్లీ గంగమ్మా!” అన్నాడు ఎల్లాజీ గట్టిగా. “మా పేటోడి సెయ్యి ఈ సెట్ల మీద పడి ఉంటే, రేపు నానెక్కిన బోటు ఒడ్డుకి రాకుండా పోవాల! నా శవం కూడా మా ఇంటోళ్లకి...”

బస్సులో చేసుకున్న నిశ్చయం ఏమైందో గంగాలమ్మకే తెలియదు. చీర తడిసిందో, కాళ్లు బురదలో దిగాయో చూసుకోలేదు. అతను నోటి దగ్గరికి తీసుకున్న దోసిలిని ఒక్క చరుపు చరిచింది. నీళ్లన్నీ చిమ్మిపోయాయి.

“తాగకు మావా! నీకు దండం పెడతాను, తాగకు!”

“పిచ్చెక్కిందేటే నీకు?” అని అరిచాడు ఎల్లాజీ. అతని మణికట్టు మీద ఆమె చేతి మసి నల్లగా అంటుకుంది. పొద్దుటి నుంచీ చెయ్యి కడుక్కోలేదని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది.

ఆమె కొంగు ముడి విప్పి కడియం తీసి అతని తడి అరచేతిలో పెట్టింది. ఎల్లాజీ ముందు అర్థంకానట్టు చూశాడు. తర్వాత బొటనవేలితో పక్కన తడిమాడు. ఒకటి, రెండు, మూడు గంట్లు. మూడో గంటు దగ్గర అతని వేలు ఆగిపోయింది.

“ఏడ దొరికింది?” అన్నాడు.

“నా పొయ్యికి తెచ్చిన బొగ్గులో. వరద కాదు మావా, కంపెనీ కాదు. ఈ సెట్టుతో నాను సేపలు కాల్సినాను. రెండేళ్లబట్టి మన మడంతా నా బండి మీదే కాలిపోనాది.”

కంపెనీ మనిషి ఏదో అనబోయాడు. ఇంద్రజ చెయ్యెత్తి ఆపింది. బురద చేతుల్తోనే సంచీలోంచి కాగితం, పెన్ను తీసింది.

“మీరు కాల్చారు, సరే. నరికింది ఎవరమ్మా? పేరు చెప్పండి, రాసుకోవాలి.”

గంగాలమ్మ తలెత్తి గట్టు వైపు చూసింది. జనం వెనక, అప్పుడే వచ్చినట్టుంది, వాసు నిలబడి ఉన్నాడు. మొహం కడుక్కున్నాడు గానీ మెడ కడుక్కోవడం మరిచిపోయాడు. చేతిలో కేరేజీ ఉంది. ఎల్లాజీ కూడా అటే చూశాడు. తమ్ముడి మొహం చూశాడు, నల్లటి మెడ చూశాడు, తర్వాత తన మణికట్టు మీది మసి చూసుకున్నాడు.

మూడు పేర్లు గంగాలమ్మ నాలిక మీద ఉన్నాయి. అమ్మినవాడిది, నరికినవాడిది, మోగేదే కావాలని అడిగినదానిది. ఎల్లాజీ కడియాన్ని పిడికిట్లో బిగించి, గట్టు మీదున్న తమ్ముడి వైపు ఒక అడుగు వేశాడు.

“రాసుకో తల్లీ,” అంది గంగాలమ్మ.